ఈకా, ఇటుకా

జాము కోసం తూస్తున్న ఆప్రికాట్ పళ్ళని కాటా మీంచి దింపేసి, ఆ పళ్ళెంలో కోడలి లాప్‌టాప్ పెట్టింది లెపోసావ. ముల్లు కాసేపు ఊగి, కేజీ గీత అందుకోకుండానే ఆగిపోయింది.

“ఇందులో ఏమీ లేదే పిల్లా. బానె గాడు నీకు ఖాళీ డబ్బా అంటగట్టి పోయాడు.”

“అన్నీ ఉన్నాయమ్మా. అంత తేలిక కాబట్టే దానికంత గిరాకీ,” అంది నెవెన.

“లోపల ఏమీ లేకపోతే ఏదైనా తేలిగ్గానే ఉంటుంది. మీ మామగారి జేబు బతికినన్నాళ్ళూ అంత తేలిగ్గానే ఉండేది.”

ఈసారి రెండో లాప్‌టాప్ పెట్టింది. ముల్లు కేజీ దాటి, ఇంకో రెండు గుప్పెళ్ళ పళ్ళ బరువు దాకా పోయి నిలబడింది. లెపోసావ తృప్తిగా తలాడించింది.

“ఇది కాస్త నయం. సరుకుంది. అది ఈక, ఇది ఇటుక.”

నిజానికి రెండూ చంకలో ఇమిడిపోయే యంత్రాలే. దూరంనుంచి చూస్తే కవలపిల్లల్లా ఉంటాయి. కానీ లెపోసావ నోటినుంచి ఒక పేరు జారితే అది ఇక ఊడదు. ఆమె పుణ్యమా అని వీధి చివర పంటి డాక్టరుని ఆ సెర్బియా ఊరు పిరోత్‌లో సగం మంది ‘పట్టకారు’ అనే పిలుస్తారు.

ఆ ఊళ్ళో సరుకుని చేత్తో ఎత్తి చూసి కొంటారు. ఈక ధర ఇటుక ధరకంటే ఎక్కువని తెలిసేసరికి లెపోసావ ముక్కున వేలేసుకుంది.

“తక్కువ సరుకిచ్చి ఎక్కువ డబ్బు తీసుకుంటాడా దీన్ని చేసినవాడు? అచ్చంగా పిరోత్ బిడ్డ! మనమే ఇన్నాళ్ళూ మిరపకాయల్ని తప్పుడు లెక్కన అమ్ముకున్నాం.”

బానె అప్పటికింకా పోలేదు. బల్ల అవతల కూర్చుని కాఫీ తాగుతున్నాడు. నెవెనకి పిన్నమ్మ కొడుకు, బస్టాండు ఎదురుగా ఫోన్లూ కంప్యూటర్లూ అమ్మే కొట్టు అతనిది. ఆ రెంటినీ అతనే తెచ్చాడు.

“శుక్రవారం దాకా రెండూ వాడి చూడక్కా. నచ్చింది ఉంచుకో, రెండోది ఇచ్చెయ్. గీత పడకూడదు. జాము మరక అసలు పడకూడదు,” అంటూ లెపోసావ చేతుల వైపు అనుమానంగా చూశాడు.

“నా చేతులు నీ నాలుక కంటే శుభ్రంగానే ఉన్నాయి గానీ, వీటి గుణగణాలు చెప్పు,” అంది లెపోసావ.

“ఈకకి ఫ్యాను లేదు పెద్దమ్మా. కాబట్టి చప్పుడే ఉండదు. పొద్దున్న చార్జి పెడితే చీకటి పడేదాకా అడగదు. భుజానికి తగిలించుకుంటే ఉందో లేదో కూడా తెలీదు.”

“మరి అవగుణం?”

“అవగుణం అనకూడదు… బాగా వేడెక్కితే కాస్త నెమ్మదిస్తుంది.”

“మా వాడిలాగా,” అంది లెపోసావ, పొయ్యి పక్కన నిలబడి పళ్ళు దొంగిలిస్తున్న కొడుకు రాదిషాని చూపిస్తూ.

“ఇంకోటి, దానికి కన్నాలు రెండే. నీ హెడ్‌ఫోను తీగ దూరదక్కా, మధ్యలో చిన్న తోక తగిలించాలి. రేపు పంపిస్తాలే. అదే ఇటుక అనుకో, అన్ని కన్నాలూ ఉన్నాయి. మీటలు లోతుగా దిగుతాయి, రోజంతా కొట్టినా వేళ్ళు నొప్పెట్టవు. లోపల ఫ్యాను ఉంది కాబట్టి ఎంత పని చెప్పినా మొరాయించదు. కాకపోతే మధ్యాహ్నానికే చార్జి అడుగుతుంది, పనెక్కువైతే గురక పెడుతుంది.”

“అది కూడా మా వాడే,” అంది లెపోసావ.

రాదిషా నోట్లో పండు మింగి, తీరిగ్గా అన్నాడు. “మా కొట్టుకి వచ్చి ‘మంచి టైరు ఇవ్వండి’ అంటారు. ఏ రోడ్డు మీద తిరుగుతావో చెప్పకుండా మంచి టైరేమిటి? ముందు నీ రోడ్డు సంగతి చూసుకో నెవెనా.”

నెవెన రోడ్డు ఒకటి కాదు, అదే చిక్కు. వారానికి రెండుసార్లు బస్సెక్కి నీష్ పట్నం కోర్టుకి పోవాలి. అక్కడ ఇటాలియన్ చెప్పుల ఫ్యాక్టరీ వ్యాజ్యాల్లో మాట అటూ ఇటూ అందించే పని. వేసవిలో మూడొంతులు కొండమీద ద్రాక్షతోట ఇంట్లో ఉంటారు. ఆ ఇంటికి కాలిబాట తప్ప దారి లేదు, నీళ్ళ సీసాతో సహా అన్నీ వీపుమీద మోసుకుపోవాల్సిందే. మోతకి చూస్తే ఈకే.

కానీ అసలు రోడ్డు గురువారం ఉదయం ఉంది. త్రియెస్తెలో ఒక కంపెనీ ఇటలీ ఆసుపత్రులకి దుబాసీలని సరఫరా చేస్తుంది. మంచం మీద సెర్బియా పనివాడు మూలుగుతుంటాడు, పక్కన డాక్టరుకి వాడి మాట ముక్క అర్థం కాదు. అప్పుడు తెరమీద నెవెనలాంటి మనిషి ప్రత్యక్షమై ఇద్దరి మధ్యా మాట నడపాలి. ఆ పనికి పరీక్ష పెడతారు. నిరుడు నెవెన రాసింది. సగంలో పాత కంప్యూటరు కళ్ళు తేలేసింది. “వచ్చే ఏడు మరోసారి ప్రయత్నించండి, అదే ఆఖరు,” అన్నారు వాళ్ళు.

ఈ ఏడు బళ్ళో ఇటాలియన్ తరగతులు ఎత్తేశారు. పదిహేనేళ్ళు ఆ భాష చెప్పిన మనిషి ఖాళీగా కూర్చుంది. కోర్టు పని కూడు పెట్టేంత లేదు. రాదిషా బాబాయి స్రెతెన్ తన టైర్ల కొట్టులో లెక్కలు రాయడానికి సోమవారం నుంచి రమ్మన్నాడు. మంచివాడు. కుర్చీ తుడిపించాడు, మెత్త వేయించాడు, ఎదురుగోడ మీదున్న బట్టల్లేని అమ్మాయి క్యాలెండరు తీసేసి మఠం బొమ్మ తగిలించాడు. ఆ మఠం బొమ్మ తలుచుకున్నప్పుడల్లా నెవెన గుండెలో రాయి పడేది. గురువారం గట్టెక్కితే సరే, లేదా జీవితమంతా ఆ బొమ్మ కింద టైర్ల సైజులు రాసుకుంటూ కూర్చోవాలి.

బానె పోయాక ఆమె రెండు యంత్రాలనీ పక్కపక్కన పెట్టి పరీక్షకి కూర్చుంది. ఇంటర్నెట్ పెట్టె వంటింట్లోనే ఉంది. లోపలి గదుల్లోకి దాని బలం చాలదు, కాబట్టి జాము ఉడికే చోటే ఇటాలియన్ కూడా ఉడకాలి. కంపెనీవాళ్ళ షరతు ఒకటుంది: దుబాసీ వెనకాల ఇల్లూ వాకిలీ రోగికి కనబడకూడదు. లాప్‌టాప్‌లో వెనకభాగాన్ని మసకబరిచే ఏర్పాటు ఉంటుంది, అది నడుస్తుంటే మాత్రం యంత్రానికి చెమటలు పడతాయి.

ఈక ఆ పని మొదట చక్కగా చేసింది. నిశ్శబ్దంగా, అల్లుడొచ్చిన ఇంట్లో కోడలిలా. అరగంట తిరిగేసరికి అడుగుభాగం వేడెక్కింది. నెవెన పెదాలు ఒక మాట అంటుంటే తెరమీద అంతకు ముందు మాట తాలూకు పెదాలు కదిలాయి. హెడ్‌ఫోను లేకపోయేసరికి దాని సొంత మైకు పొయ్యిమీద జాము కుతకుతల్ని కూడా శ్రద్ధగా పట్టింది.

“ఒళ్ళు కాలిపోతోందే దీనికి!” లెపోసావ అరచెయ్యి ఆనించి చూసి గబగబా అలమర తెరిచింది. పళ్ళసారా రాకియా ఉన్న సీసా, గుడ్డపీలికా బయటికొచ్చాయి. “ఉండు, కాస్త రుద్దుతాను. మీ ఆయనకి చిన్నప్పుడు ఎంత జ్వరమొచ్చినా దీంతోనే దిగేది.”

“అమ్మా! దాన్ని ముట్టుకోకు!”

“కడుపులోకి పొయ్యడం లేదుగా, పైపైనే.”

“బానె ఏడుస్తాడు. దానికి రాకియా అక్కర్లేదు, కాస్త గాలి కావాలి. ఆ కిటికీ తీస్తే చాలు.”

లెపోసావ సీసా మూత బిగించింది. ఆమె మొహంలో నవ్వు మాయమైంది.

“తలుపు తీసుంది,” అంది.

ఆ ఒక్క మాటతో వాదన ముగిసిపోయినట్టే. తలుపు తీసుంటే కిటికీ మూసుండాలి, కిటికీ తీస్తే తలుపు మూయాలి. రెండూ తెరిస్తే వాటి మధ్య అడ్డంగా దూసుకొచ్చే గాలి ప్రొమాయ. ఆ గాలి మెడ పట్టిస్తుంది, మూతి వంకర చేస్తుంది, మూత్రపిండాల్ని గడ్డకట్టిస్తుంది, పెళ్ళికాని పిల్లల్ని గొడ్రాళ్ళని చేస్తుంది. జూలై నెలలో నీష్ బస్సులో ఎవరైనా రెండో కిటికీ మీద చెయ్యి వేస్తే డ్రైవరు బండి ఆపేస్తాడు. లెపోసావ పెదనాన్న యుద్ధంలో తుపాకిగుండు తిని బతికొచ్చి, రైల్లో ప్రొమాయ తగిలి పోయాడు. డాక్టరు గుండె అన్నాడు. డాక్టరుకేం తెలుసు, ఆయన ఆ రైల్లో లేడు.

నెవెనకి ఈ నమ్మకాలు లేవు. ఇటలీలో, విసెంజాలో రెండేళ్ళు చదువుకున్న పిల్ల. కానీ అత్తగారింట్లో కిటికీ కోసం పోట్లాడే ఓపికా లేదు. అందుకే ఇటుక తీసింది. కాసేపటికి లోపల ఫ్యాను అందుకుంది, పక్కనున్న చీలికల్లోంచి వెచ్చటి గాలి బుస్సుమంది. అయినా తెరమీద బొమ్మ ఒక్కసారి కూడా తడబడలేదు. హెడ్‌ఫోను మైకు పెదాల దగ్గరే ఉండడం వల్ల ఆ గురక అవతలికి వినబడలేదు. రాదిషాని పక్క గదిలో కూర్చోబెట్టి ఫోన్లో వినిపించింది.

“ఎలా ఉంది?”

“నువ్వు ఇటాలియన్‌లో నన్ను తిడుతున్నట్టుంది. స్పష్టంగా ఉంది.”

అయితే పరీక్షకి ఇటుకే. కొండెక్కేటప్పటి సంగతి తరవాత చూసుకోవచ్చు. నెవెన మనసు కుదుటపడింది. బానె తోక పంపడం మరిచిపోయినా ఆమె అడగలేదు. ఇక దాంతో పనేముంది?

ఇక పనంతా లెపోసావ కళ్ళదే. బుధవారం నెవెన ఇటుక ముందు కూర్చుని సాధన చేస్తున్నంతసేపూ, ఆ చీలికల్లోంచి వచ్చే గాలి సరిగ్గా కోడలి కుడిచెయ్యి మీదుగా పోయి వాకిలి వైపు మళ్ళడం ఆమె గమనించింది. ఒక కాగితం ముక్క పట్టుకుని చూసింది, రెపరెపలాడింది. ఇంకా అనుమానమెందుకు? గాలి పుట్టేదీ ఉంది, పోయే దారీ ఉంది, మధ్యలో పిల్ల చెయ్యి ఉంది. దుబాసీ నోటితో పనిచేస్తుంది నిజమే, కానీ మీటలు కొట్టాల్సిన చెయ్యి పట్టేస్తే? చెప్తే కోడలు నవ్వుతుంది. చదువుకున్నవాళ్ళకి అన్నిటికీ నవ్వే. చెప్పకుండా చెయ్యడమే మేలు.

గురువారం పొద్దున్న ఆమె పొయ్యి ముట్టించలేదు. అంతకంటే పెద్ద త్యాగం ఆ ఇంట్లో లేదు, పళ్ళు మగ్గిపోతున్నాయి. కుక్కని పక్కింటికి పంపింది, గోడ గడియారాన్ని దిండుల మధ్య పెట్టింది. నెవెన మంచి చొక్కా తొడుక్కోవడానికి లోపలికి పోయిన క్షణంలో లెపోసావ సొరుగు తెరిచి తను అల్లిన లేసు గుడ్డలు రెండు తీసింది. దళసరిగా, గంజి పెట్టినవి. ఒకటి మడతపెట్టి ఆ చీలికల్లోకి నీటుగా దోపింది. రెండోది, బల్ల పాలిషు వేడికి పాడవకుండా ఇటుక కింద పరిచింది.

నెవెన వచ్చి కూర్చుంది. ఆ ఇంట్లో టీవీ మీద లేసు, ఫ్రిజ్ మీద లేసు, రేడియో మీద లేసు, ఇంటర్నెట్ పెట్టె మీద కూడా పువ్వుల లేసు. కాపురానికొచ్చిన ఏడాదికే ఆమెకి అవి కనబడడం మానేశాయి. ఇప్పుడు కూడా కనబడలేదు.

తెరమీద డాక్టర్ ఫుర్లాన్ ప్రత్యక్షమైంది. తెల్లజుట్టు, మెడలో కళ్ళజోడు గొలుసు, రిటైరైన డాక్టరు. పక్క గడిలో రోగి వేషంలో మియోద్రాగ్ అనే పెద్దాయన. ముప్ఫై ఏళ్ళుగా త్రియెస్తెలోనే ఉంటున్నా మాటలో ఊరియాస పోనివాడు.

“మెడ తిరగడం లేదు డాక్టరమ్మా. మా ఆవిడ ఎడమ పక్కనించి పిలిస్తే ఒళ్ళంతా తిప్పాల్సొస్తోంది. అందుకే కుడి పక్కకి రమ్మన్నాను, రాదు. మొండిది.”

నెవెన మెడని ఇటాలియన్‌లోకి తెచ్చింది, మొండి పెళ్ళాన్ని కూడా తెచ్చింది. ఏదీ వదలకూడదు. డాక్టర్ ఫుర్లాన్ పెదవి చివర నవ్వింది. మాట నీళ్ళలా అటూ ఇటూ పారుతోంది. నెవెనకి ఒళ్ళు తేలికైంది. బళ్ళో పిల్లల ముందు నిలబడ్డప్పటికంటే హాయిగా ఉంది. ఇదే నా పని, ఇదే, అనుకుంది.

ఇటుక గురక మొదలైంది. ఆ గురక అరుపైంది. అరుపు ఊళయింది.

“అక్కడెవరైనా గడ్డి కోసే యంత్రం నడుపుతున్నారా?” అడిగింది డాక్టర్ ఫుర్లాన్.

“క్షమించండి, పక్కింటివాళ్ళేమో…” అంటుండగానే తెర నల్లబడింది. ఊళ కూడా ఆగిపోయింది. వంటింట్లో దిండుల మధ్యనించి గడియారం టిక్కుటిక్కులు వినబడ్డాయి.

నెవెన మీట నొక్కింది, మళ్ళీ నొక్కింది. ఇటుక ఉలకదు, పలకదు. నిరుటి లాగే, అచ్చం నిరుటి లాగే. పది నిమిషాల్లో తిరిగి రాకపోతే పరీక్ష ముగిసినట్టేనని కంపెనీ ముందే చెప్పింది. మఠం బొమ్మ కళ్ళముందు మెరిసింది.

“ఈక, అమ్మా! ఈక ఎక్కడ?”

లెపోసావ పాలిపోయిన మొహంతో అలమరలోంచి ఈకని తెచ్చి ఇచ్చింది. దానిమీద కూడా అప్పటికే ఒక లేసు ఉంది. నెవెన దాన్ని లాగి పారేసి తెరిచింది. హెడ్‌ఫోను దూరలేదు, తోక బానె కొట్టులో ఉంది. పోనీ, సొంత మైకే గతి. మీటలు గాజుపలక మీద కొడుతున్నట్టున్నాయి. రహస్యపదం రెండుసార్లు తప్పింది. మూడోసారికి డాక్టర్ ఫుర్లాన్ మొహం వచ్చింది.

“మీరు పోయారనుకున్నాం.”

“నేను ఉన్నాను. యంత్రం పోయింది. కొనసాగిద్దామా?”

ఒక పక్కన కిటికీ మూత, పైన జూలై ఎండ. ఈకకి జ్వరం రావడానికి ఎంతోసేపు పట్టలేదు. డాక్టర్ ఫుర్లాన్ మందుల సంగతి మొదలుపెట్టింది. ఏది ఎప్పుడు, ఏది తిన్నాక, ఏది వేరేదానితో కలపకూడదు. మాటలు ముక్కలైపోయాయి. “రాత్రి ఒక…” అని నోరు తెరిచి డాక్టరు బొమ్మలా ఆగింది. తరవాత ఒక్కసారిగా, “…తో కలిపి వేసుకోకూడదు,” అంది.

దేనితో? నెవెనకి ఊహ ఉంది. మెడనొప్పి మాత్రలు, నిద్ర, కలపకూడనిది సారాయే అయివుంటుంది. మియోద్రాగ్ మొహం చూసినా సారాయే అయివుంటుంది. నోటిదాకా వచ్చింది. ఆగింది.

“డాక్టరుగారూ, దుబాసీ మాట్లాడుతున్నాను. మీ మాట మధ్యలో తెగింది. దేనితో కలపకూడదో వినబడలేదు. మళ్ళీ చెప్పండి.”

డాక్టరు మళ్ళీ చెప్పింది. సారా కాదు, రక్తాన్ని పలచబరిచే మాత్ర. ఇంకో వాక్యం తెగింది, మళ్ళీ అడిగింది. మూడోసారి అడిగింది. ప్రతి మాటకీ అడిగే దుబాసీని ఎవరు పెట్టుకుంటారు?

మైకు కట్టేసి, తల తిప్పకుండా, పెదాలు కదపకుండా అంది. “అమ్మా. కిటికీ.”

లెపోసావ కదిలి తలుపు మూసింది. కిటికీ తెరిచింది. వేడిగాలి గోడలా నిలబడిపోయింది, ఒక్క ఆకు కదలలేదు.

“చాలదమ్మా. తలుపు కూడా.”

నెవెన ఒకే ఒక్కసారి కళ్ళు పక్కకి తిప్పింది. అత్తగారు కొక్కేనికున్న చలికాలపు ఉన్ని శాలువా తీస్తోంది. దాన్ని తలమీంచి మెడ చుట్టూ, మెడ మీంచి నడుం చుట్టూ తిప్పి ముడివేసింది. చెవుల్లో దూది పెట్టుకుంది. గాల్లో శిలువ గుర్తు వేసుకుంది. తలుపు బార్లా తెరిచింది.

గాలి వచ్చింది. వంటిల్లు ఊపిరి పీల్చుకున్నట్టయింది. పరదా ఎగిరింది, నెవెన జుట్టు మొహం మీద పడింది, తలుపు రయ్యిన వెనక్కి రాబోయింది. ఆ తలుపు దఢాలుమంటే మైకు పట్టేస్తుంది. లెపోసావ వీపు ఆనించి, రెండు కాళ్ళూ తన్నిపెట్టి, సరిగ్గా ప్రొమాయ నడిమధ్యలో నిలబడింది. కళ్ళు గట్టిగా మూసుకుంది.

యంత్రం మీద భారం తగ్గించడానికి నెవెన వెనకభాగం మసక కూడా తీసేసింది. షరతు షరతే, మాట తెగడం కంటే అది నయం. ఈక కొంచెం కొంచెంగా తేరుకుంది. బొమ్మ కదిలింది. మాట అతికింది.

“సరే, అసలు ఈ నొప్పి ఎలా మొదలైంది?” అడిగింది డాక్టర్ ఫుర్లాన్.

“ఎలా ఏముంది డాక్టరమ్మా, ఆ దిక్కుమాలిన ప్రొమాయలో కూర్చున్నాను. ఒక పక్క కిటికీ, ఒక పక్క తలుపు,” అన్నాడు మియోద్రాగ్.

నెవెనకి నవ్వాగలేదు, ఆపుకుంది. ఇటాలియన్‌లో ఆ గాలికి మాట వెతుక్కోనక్కర్లేదు. అక్కడి అత్తగార్లకీ ఆ గాలంటే హడలే. చెప్పింది. డాక్టర్ ఫుర్లాన్ ఎదురు ప్రశ్న వెయ్యకుండా అన్నీ అర్థమైనట్టు తలూపింది. ఊపుతూ ఊపుతూ ఆగి, కళ్ళజోడు పెట్టుకుని తెరకి దగ్గరగా వంగింది.

“సిన్యోరా, మీ జుట్టు ఎగురుతోంది.”

“అవునండీ.”

“మీ వెనకాల కిటికీ తెరిచుంది. తలుపు కూడా తెరిచుంది! మెడమీద చెమటతో అలా కూర్చున్నారా మీరు?” డాక్టరు గొంతులోంచి డాక్టరు తప్పుకుని మరెవరో వచ్చారు. “ఆ మూలన ఎవరు? చుట్టూ ఉన్ని చుట్టుకుని ఉన్నది?”

“మా అత్తగారు.”

“ఏం చేస్తున్నారావిడ?”

“తలుపు కొట్టుకోకుండా పట్టుకున్నారు. ఈ యంత్రానికి ఫ్యాను లేదు. గాలి లేకపోతే మీ మాటలు తెగుతున్నాయి.”

మియోద్రాగ్ రోగి వేషం మరిచిపోయి కుర్చీలోంచి లేచి చూశాడు. “అయ్యో తల్లీ, ఆ గాల్లో! ఈ వయసులో!” అన్నాడు. నెవెన అలవాటుకొద్దీ అది కూడా ఇటాలియన్‌లోకి తెచ్చేసింది.

డాక్టర్ ఫుర్లాన్ కాగితాలు తిప్పింది. మిగిలిన ప్రశ్నల్ని ఒకదాని వెంట ఒకటి గుక్క తిప్పుకోకుండా అడిగింది. ఎక్కడా సడలించలేదు, తొందర మాత్రం పెట్టింది. నెవెన అంతే వేగంగా అందుకుంది. కడపటి మాట అయిపోగానే డాక్టరు పెన్ను కింద పెట్టింది.

“అధికారికంగా రేపు తెలుస్తుంది. మందుల దగ్గర మాట తెగేలా చెయ్యడం మా పరీక్షలో ఒక భాగం. మేం కావాలని తెగ్గొడతాం. మీ విషయంలో మాకా శ్రమ లేకపోయింది. ఈ వారం మీకంటే ముందు వచ్చినవాళ్ళంతా ‘సారా’ అని ఊహించి చెప్పేశారు. మీరు అడిగారు. మాకు కావలసింది అదే. కానీ ఆగి చచ్చే యంత్రంతో నేను రోగి దగ్గరికి పంపను, మంచిది చూసుకోండి. ఇప్పుడు, దయచేసి, ఆ తలుపు మూయించండి. నాకే మెడ నొప్పెడుతోంది.”

తెర మూతపడింది. నెవెన కుర్చీలో వెనక్కి వాలింది. “అమ్మా, ఇక మూసెయ్,” అంది. లెపోసావ కళ్ళు తెరవలేదు, చెవుల్లో దూది ఉంది. నెవెన లేచి వెళ్ళి, తనే కిటికీ మూసి, అత్తగారి భుజం పట్టుకుంది.

“అయిపోయిందా?” లెపోసావ గట్టిగా అరిచింది. “గెలిచావా?”

“గెలిచినట్టే.”

“అయితే నన్ను మంచం దాకా నడిపించు. కుడి పక్కంతా పోయింది.”

ఆమెని పడుకోబెట్టి వచ్చాక నెవెన ఇటుకని ఎత్తి చూసింది. కింద గులాబీల లేసు. పక్క చీలికల్లో నాలుగు మడతల్లో ఇంకో లేసు, ఇస్త్రీ చేసినట్టు వెచ్చగా. దాన్ని వేళ్ళతో పట్టుకుని లాగుతుంటే ఆమెకి మొదట కోపమొచ్చింది. పీకలదాకా వచ్చింది. పక్క గదిలోంచి, అప్పుడే ఇంటికొచ్చిన కొడుకుతో, “రాదిషా, పూజారికి కబురు పెట్టక్కర్లేదులే, ఇంకా బాగానే ఉన్నాను,” అని నీరసంగా వినబడగానే ఆ కోపం దారి తప్పిపోయింది.

శుక్రవారం కంపెనీ నుంచి కబురు వచ్చింది. నెలరోజులు పరీక్షగా, తరవాత ఖాయంగా. రాదిషా ఆ సంగతి చెప్పగానే స్రెతెన్ బాబాయి సంతోషించాడు, మఠం బొమ్మ దింపి క్యాలెండరు మళ్ళీ తగిలించుకున్నాడు.

సాయంత్రం బానె వచ్చాడు. చేతిలో తోక ఉంది, మొహంలో సిగ్గు లేదు.

“ఇదిగో అక్కా, తెచ్చాను. ఇంతకీ ఏది ఉంచుకుంటున్నావు?”

నెవెన ఇంకా తేల్చుకోలేదు. కొండబాట తలుచుకుంటే ఈక కావాలి, మందుల మాటలు తలుచుకుంటే ఇటుక కావాలి. మెడకి రాకియా గుడ్డ చుట్టుకుని బల్ల దగ్గరికొచ్చి కూర్చున్న లెపోసావ, డాక్టరు దగ్గర రోగిలా ఒళ్ళంతా తిప్పి బానె వైపు చూసింది.

“ఒరేయ్, నాకు సూటిగా చెప్పు. ఈ ఇటుకకి గాలి లోపలే ఉందా?”

“ఉంది పెద్దమ్మా. అదే ఫ్యాను. మీరు దాని ముక్కు మూయకుండా ఉంటే చాలు.”

“దాని ముక్కు సంగతి వదిలెయ్. దానికి మా గాలి అక్కర్లేదా? కిటికీ మూసుకోవచ్చా?”

“నిక్షేపంగా.”

“ఈకకి గాలి లేదు. కాబట్టి మా గాలి అడుగుతుంది. కిటికీ, తలుపూ రెండూ?”

“వేసవిలో, ఇలాంటి పనికి… అవును.”

“అయితే ఇంకా అడుగుతావేం? ఆ ప్రొమాయ ఏదో దాని డబ్బాలోనే తిరగనీ. ఇటుక ఉంచి పో. ఈ తేలికదాన్ని పట్టుకుపోయి, ఊపిరితిత్తులు మిగిలినవాళ్ళెవరికైనా అమ్ముకో.”

“మరి బరువు సంగతో అమ్మా? కొండమీదకి మోసేది నేను కదా?” అంది నెవెన.

“నీళ్ళ సీసా నేను మోస్తాను. ఈ మెడ బాగుపడితే.”

బానె ఈకని అటూ ఇటూ తిప్పి, మూల దగ్గర ఒక నారింజరంగు చుక్క కనిపెట్టాడు. వేలితో గీకి, నాలుక మీద పెట్టుకున్నాడు. ఆప్రికాట్. ఏదో అనబోయి, లెపోసావ మొహం చూసి, జాము బాగుందన్నాడు.

సోమవారం నెవెన ఇటుక ముందు కూర్చుని పని మొదలుపెట్టింది. కిటికీ మూసే ఉంది. ఇటుక మెల్లగా గురక పెడుతోంది, దాని ముక్కు దగ్గర లేసు లేదు. అవతల ఒక సెర్బియా తాపీమేస్త్రీకి కాలు విరిగింది. మధ్యలో లెపోసావ ఎడమ పక్కనించి కాఫీ తెచ్చి పెట్టింది. నెవెన ‘ఉంచమ్మా’ అని సైగ చెయ్యడానికి తల తిప్పబోయి, ఆగి, కుర్చీతో సహా ఒళ్ళంతా తిప్పింది.

లెపోసావ ఆ తిరగడం చూసింది. తన మెడకున్న రాకియా గుడ్డ విప్పి, తెరమీద కనబడకుండా వంగి, వెనకనించి కోడలి మెడకి చుట్టింది.